ఒక్కనాట విడువరాని మందు

కాశీకి వెళ్లినవారు తమకు ఇష్టమైన కాయనో పండునో అక్కడ విడిచి రావడం మనవైపు తరతరాలుగా ఉన్న ఆచారం. విడిచిన వస్తువును మరల జన్మలో ముట్టరు. 2017లో మా అక్కగారు కాశీయాత్రకు వెళ్లినప్పుడు ఏ కాయనూ పండునూ విడువలేదు. మూడేళ్లుగా ప్రతి రాత్రీ వేసుకుంటున్న చిన్న బిళ్లను విడిచినది. 2014లో మా బావగారు పోయిన తరువాత, నిద్ర రాక, గుండె దడదడలాడుతుండగా, వైద్యుడు రెండు వారాలకని వ్రాసి యిచ్చిన ఆల్ప్రజోలాం బిళ్ల అది. ఆ రెండు వారాలు మూడేళ్లయినవి. బియ్యపు గింజంత బిళ్లకు లోబడి బ్రతకడమేమిటని ఆమెకు రోషం వచ్చినది. మిగిలిన మందు అట్టను ఘట్టం మెట్ల దగ్గర చెత్తబుట్టలో పడవేసి, గంగకు నమస్కరించి, తిరుగు రైలెక్కినది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరునాటికి చేతులు వణకసాగినవి. పట్టుకున్న టీ ఒడిలో ఒలికిపోయినది. రైలు కూత చెవిలో మేకు దిగగొట్టినట్లున్నదని చెవులు మూసుకొన్నది. పెట్టెలోని దీపపు వెలుతురును కూడా కళ్లు ఓర్వలేకపోయినవి. "తమ్ముడూ, నేను నేనుగా లేనురా" అని ఫోనులో మాతో అన్నది. ఇల్లు చేరేసరికి బంధువులందరిదీ ఒకటే మాట: పాత జబ్బు తిరగబెట్టినది, ఈమెకు ఇక జన్మంతా ఈ మందు తప్పదు. మేమూ అట్లాగే అనుకొన్నాము. అది పొరపాటు. ఆ పొరపాటు ఎట్లా కలుగుతుందో, ఈ మందును విడిచే తీరు ఏమిటో మనవి చేయడమే నేటి ప్రసంగపు ఉద్దేశం.

మొదట ఈ మందుల పుట్టుకను గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. వీటిని బెంజోడయాజిపైనులు అంటారు. డయాజిపాం, లోరాజిపాం, క్లోనజిపాం, ఆల్ప్రజోలాం ఒక్క కుటుంబంలోనివే. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, రోష్ కంపెనీ ప్రయోగశాలలో లియో స్టెర్న్‌బాక్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు తయారుచేసి ప్రక్కన పెట్టిన పదార్థం ఒకటి ఉండేది. దానిని 1957లో పరీక్షకు పంపగా, మనస్సును శాంతపరచే గుణం బయటపడినది. అదే 1960లో లిబ్రియం అనే పేరుతో అంగళ్లకు వచ్చినది. 1963లో వాలియం అనే పేరుతో డయాజిపాం వచ్చినది. అంతకుముందు నిద్రకు వాడిన బార్బిట్యురేటులు కొంచెం మోతాదు మించితే ప్రాణం తీసేవి. వాటితో పోల్చితే ఈ కొత్త మందులు ఎంతో క్షేమకరమైనవిగా కనిపించినవి. అందువలన వైద్యులు ధారాళంగా వ్రాశారు, ప్రజలు ధారాళంగా వాడారు.

హెచ్చరిక రాకపోలేదు. ఎక్కువ మోతాదులో ఈ మందు పుచ్చుకుంటున్న రోగులకు దానిని హఠాత్తుగా ఆపివేస్తే ఏమవుతుందో, కొందరికి మూర్ఛలు కూడా ఎట్లా వస్తాయో, లియో హోలిస్టర్ అనే అమెరికన్ వైద్యుడు 1961లోనే ప్రకటించాడు. సామాన్యపు మోతాదులో వాడినవారికి కూడా మానేటప్పుడు బాధలు తప్పవని 1980 తరువాతి సంవత్సరాలలో లండనులో మాల్కమ్ లేడర్ మొదలైనవారు చూపించారు. ఈ మందును రెండు నుండి నాలుగు వారాలకు మించి వాడరాదని 1988లో బ్రిటన్‌లోని మందుల భద్రతా సంఘం వైద్యులకు సలహా యిచ్చినది. 2020లో అమెరికా ప్రభుత్వపు ఔషధ శాఖ ఈ కుటుంబంలోని మందులన్నిటి కాగితాల మీద, అలవాటు పడుటను గూర్చి, హఠాత్తుగా మానుటలోని ప్రమాదాన్ని గూర్చి, పెట్టె కట్టిన హెచ్చరికను ముద్రించవలెనని ఆజ్ఞాపించినది.

ఇక ఒంటిలో జరిగేదేమిటి? దీనికి మన యింటి రేడియోనే ఉపమానంగా తీసుకుందాము. మెదడులో గాబా అనే పదార్థం ఒకటి ఉన్నది. నరాల అలజడిని తగ్గించడం దాని పని; రేడియోలో ధ్వనిని తగ్గించే మర వంటిది. ఈ బిళ్ల ఆ మరకు బలం చేకూర్చి అలజడిని మరింత తగ్గిస్తుంది. కాని మెదడు ఊరకుండదు. రోజూ ఎవరో వచ్చి ధ్వనిని తగ్గిస్తున్నారని గ్రహించి, తన వంతుగా లోపలి నుండి ధ్వనిని కొంచెం కొంచెంగా పెంచుకుంటుంది. కొన్ని నెలలకు రెండూ సరితూగుతాయి. వినేవారికి ధ్వని మామూలుగానే ఉన్నట్లుంటుంది. అట్టి సమయంలో బిళ్లను ఒక్కసారిగా తీసివేస్తే, తగ్గించే చేయి పోయి, పెంచిన మర అట్లాగే ఉండిపోతుంది. ఇల్లంతా అదిరేటట్లు రేడియో మోగుతుంది. మా అక్కగారికి రైలు కూత మేకువలె తోచడంలోని రహస్యం ఇదే. ఇది మనోబలం లేకపోవడం కాదు, ఒంటి లెక్క. మెదడు తాను పెంచిన దానిని తానే దించుకోగలదు. అందుకు దానికి వ్యవధి కావలెను.

బాధలు ఎప్పుడు మొదలవుతవి అన్నది మందును బట్టి ఉంటుంది. ఆల్ప్రజోలాం ఒంటిలో సగమగుటకు సుమారు 11 గంటలు పడుతుంది. కాబట్టి అది మానిన ఒకటి రెండు రోజులలోనే బాధ తలయెత్తుతుంది. డయాజిపాం రోజుల తరబడి నిలుస్తుంది. దాని బాధ ఒక వారం దాకా కనబడకపోవచ్చును. మూడు రోజులు సుఖంగా గడచినవి కదా, గండం తప్పినదని సంతోషించినవారు ఆరవనాడు తెల్లబోతారు. బాధలలో నిద్రలేమి, చెమట, వణుకు, దడ, చిరాకు, భయం సామాన్యం. కండరాలు వాటంతటవే అదరడం, చర్మం మీద చీమలు ప్రాకినట్లుండడం, శబ్దాన్నీ వెలుతురునూ ఓర్వలేకపోవడం, చుట్టూ ఉన్నదంతా నాటకంలోని తెరవలె తోచడం కూడా కలవు.

వీటిలో మొదటి కొన్ని పాత ఆందోళన వంటివే కనుక, జబ్బు తిరగబెట్టినదని రోగీ, బంధువులూ, ఒక్కొక్కప్పుడు వైద్యులూ భ్రమపడతారు. గుర్తించడానికి రెండు ఆనవాళ్లు ఉన్నవి. మందు తగ్గించిన రోజుకూ బాధ మొదలైన రోజుకూ గల సంబంధం ఒకటి. పూర్వం ఎన్నడూ లేని కొత్త లక్షణాలు కనబడడం రెండవది. మా అక్కగారికి బావగారు పోయిన నెలలో నిద్రలేమి ఉన్నది, దడ ఉన్నది. కాని దీపం చూస్తే కళ్లు మూసుకోవలసి రాలేదు.

ఇది పాత జబ్బు కాదనడానికి తెలంగాణలో మరొక నిదర్శనం, చాలా దుఃఖకరమైనది, కనబడినది. కొన్నిచోట్ల కల్తీ కల్లులో ఆల్ప్రజోలాం, డయాజిపాం వంటి మందులు కలుపుతారు. 2015లో కల్తీపై ప్రభుత్వం కట్టుదిట్టం చేసినప్పుడు, మరల 2020 మార్చిలో లాక్‌డౌన్ వలన కల్లు దుకాణాలు మూతపడినప్పుడు, ఎందరో వణుకుతో, మూర్ఛలతో, మతి చెదిరి ఆస్పత్రుల పాలైనారు. 2020లో హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయానికి అట్టివారు గుంపులుగా వచ్చారు. కల్లులో స్వతహాగా ఉండే మత్తు ఉండనే ఉన్నది. ఈ కల్తీ మందుల పాత్రను కూడా వైద్యులు గుర్తించారు. వారు ఆందోళనకని వైద్యుడు వ్రాసిన మందుగా దానిని పుచ్చుకొన్నవారు కారు, కల్లులో కలిసి అది వారి ఒంటిలోకి చేరినది. తాము అట్టి మందు పుచ్చుకుంటున్నామని కూడా వారిలో చాలామందికి తెలియదు. అయినను హఠాత్తుగా ఆగినప్పుడు బాధలు ఆ తీరుగానే వచ్చినవి.

అయితే జన్మంతా వాడవలసినదేనా? కానే కాదు. ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో హెదర్ ఆష్టన్ అనే వైద్యురాలు 1982 నుండి 1994 వరకు, పన్నెండేళ్లపాటు, ఈ మందు మానదలచినవారికై ప్రత్యేక చికిత్సాలయం నడిపినది. సుమారు మూడు వందలమంది ఆమె దగ్గరకు వచ్చారు. ఆ అనుభవాన్నంతా 1999లో ఒక చిన్న పుస్తకంగా వెలువరించినది. 2019లో ఆమె కాలధర్మం చెందినది. ఆమె బోధించినది క్లుప్తంగా చెప్పవచ్చును: మోతాదును మెల్లగా తగ్గించవలెను, ఎంత మెల్లగా అన్నది రోగి ఒంటి తీరును బట్టి రోగియే చెప్పవలెను, గడియారం పెట్టి తొందరపెట్టరాదు. 2025లో అమెరికాలోని వైద్య సంఘాలు కలిసి ప్రకటించిన సూత్రాలు కూడా ఇదే త్రోవలో ఉన్నవి. అప్పటి మోతాదులో నూటికి 5 నుండి 10 పాళ్లు, రెండు నుండి నాలుగు వారాలకు ఒకసారి తగ్గిస్తూ ఆరంభించవలెననీ, సామాన్యంగా రెండు వారాలలో నూటికి 25 పాళ్లకు మించరాదనీ వారి సలహా.

మా అక్కగారి విషయంలో జరిగినది చెప్పుతాము. వైద్యుడు మొదట ఆమెకు పాత బిళ్లనే తిరిగి యిచ్చాడు. ఆమెకు అది అవమానంగా తోచినది. "దిగవలసిన మెట్లు దిగాలంటే ముందు మెట్ల మీద నిలబడాలమ్మా" అన్నాడాయన. కుదుటపడిన తరువాత, అర మిల్లీగ్రాము ఆల్ప్రజోలాంకు బదులు, క్రమంగా, సుమారు దానికి సమానమైన 10 మిల్లీగ్రాముల డయాజిపాంకు మార్చాడు. ఒంటిలో మెల్లగా కరిగే మందు కనుక దిగుడు నునుపుగా ఉంటుందని, చిన్న బిళ్లలు దొరుకుతవి కనుక ముక్కలు చేయడం సులభమని ఆ ఏర్పాటు. ఇది అందరికీ తగదు. వృద్ధులలో డయాజిపాం ఒంటిలో పేరుకొని మగతకూ, తూలి పడుటకూ కారణం కావచ్చును. కొందరికి ఉన్న మందునే తగ్గించడం మేలు. ఆ నిర్ణయం వైద్యునిది.

2018 ఫిబ్రవరిలో ఆరంభించారు. 10 నుండి 5 వరకు, మూడు వారాలకు ఒక మిల్లీగ్రాము చొప్పున దించారు. 5 నుండి క్రిందికి, మూడు వారాలకు అర మిల్లీగ్రాము మాత్రమే. 2 మిల్లీగ్రాముల బిళ్లను నాలుగు ముక్కలు చేసే పని ఆమెదే. రెండుచోట్ల ఆగినది: బావగారి ఆబ్దికపు రోజులలో ఒకసారి, విషజ్వరం వచ్చినప్పుడు ఒకసారి. ఆగినది గాని మరల పైకి ఎక్కలేదు. మొత్తం పదమూడు నెలలు పట్టినది. మొదటి సగంలో కంటె చివరి రెండు మిల్లీగ్రాములలో ఆమె ఎక్కువ బాధపడినది. మోతాదు చిన్నదైనకొద్దీ ప్రతి ముక్కా, మిగిలిన దానిలో పెద్ద భాగం కావడమే అందుకు కారణం. ఇంత దూరం వచ్చాము కదా, ఈ కాస్తా ఊడ్చివేద్దామని చివర తొందరపడేవారు అక్కడనే జారిపడతారు.

ఈ మార్గంలో నడిచేవారు పాటించదగిన నియమాలు కొన్ని ఉన్నవి. తనకు తానుగా ఆరంభించరాదు. ఇంటిలో పెళ్లి, ఇల్లు మారడం, పరీక్షలు వంటి ఒత్తిడి ఉన్న నెలలో ఆరంభించరాదు. బిళ్ల ప్రతిరోజూ ఒకే వేళకు వేసుకోవలెను. చెడ్డరోజున ఒకటి ఎక్కువ, మంచిరోజున మానివేయడం అన్న పద్ధతి ఒంటిని రోజుకొక తీరుగా ఊపివేస్తుంది. ఒక పుస్తకంలో తేదీ, మోతాదు, ఆనాటి నిద్ర, బాధ రెండు ముక్కలలో వ్రాసుకోవలెను. బాధలు అలలవలె వస్తవి. నేటి అలలో మునిగినవారికి పోయిన వారం తేరుకున్న సంగతి జ్ఞాపకముండదు. పుస్తకం జ్ఞాపకం చేస్తుంది. మధ్యాహ్నం దాటిన తరువాత కాఫీ మానుట మంచిది. సారాయి వంటి మత్తుపదార్థాలను దరిచేరనీయరాదు. అవీ ఈ బిళ్లవలెనే మెదడును మందగింపజేస్తవి, రెండూ కలిస్తే ఊపిరికే ముప్పు. నిద్ర రాని రాత్రి పక్కమీద దొర్లుతూ గడియారం చూడడం కంటె, లేచి కూర్చుని, మసక వెలుతురులో ఏదైనా తేలిక పని చేసి, మరల నిద్ర ముంచుకొచ్చినప్పుడు పడుకొనుట మేలు. ఎంత ఆలస్యంగా నిద్రించినను తెల్లవారి లేచే వేళ మార్చరాదు. దడ కలిగినప్పుడు, పీల్చే ఊపిరి కంటె వదిలే ఊపిరిని దీర్ఘంగా చేసి పది పన్నెండు మారులు వదిలితే కొంత ఉపశమనం కలుగుతుంది. ఆలోచనా విధానాన్ని సరిదిద్దే మానసిక చికిత్స దొరికిన చోట, దానిని తోడుగా తీసుకొనుట ఎంతో ఉపకారం.

ఇంటివారికి ఒక మాట. "మనసు గట్టి చేసుకో" అన్న సలహా ఇక్కడ పనికిరాదు. మనస్సు గట్టిగా ఉన్నది కనుకనే వారు ఈ పనికి పూనుకొన్నారు. వారికి తెలియకుండా బిళ్లను దాచడం, మోతాదు తగ్గించడం మహాపరాధం. నమ్మకం ఒకసారి పోతే ఆ ప్రయత్నమే పోతుంది. చిరాకుగా ఒక మాట అంటే అది మందు తగ్గిన రోజులని గుర్తుంచుకొని ఊరుకోవలెను. వీలైతే సాయంత్రం తోడుగా నాలుగు అడుగులు నడవవలెను. టీవీ, ఫోను, రేడియో ధ్వని తగ్గించవలెను. రేడియో ఉద్యోగులమైన మేమే ఈ సలహా యివ్వవలసి వచ్చినందుకు చింతించడం లేదు. ఆ పదమూడు నెలలలో మా అక్కగారి యింట మా గొంతు అనేక సాయంత్రాలు వినబడలేదు.

కొన్ని సందర్భాలలో ఇంటిదగ్గర ప్రయత్నం తగదు. మూర్ఛవ్యాధి ఉన్నవారు, ఇదివరలో మందు మానినప్పుడు మూర్ఛ వచ్చినవారు, పెద్ద మోతాదులు వాడేవారు, సారాకు అలవాటు పడినవారు, గర్భవతులు ప్రత్యేక వైద్య పర్యవేక్షణలోనే తగ్గించవలెను. తగ్గించేటప్పుడు మూర్ఛ వచ్చినా, మనుషులను గుర్తుపట్టకపోయినా, లేనివి కనబడినా, వినబడినా, ప్రాణం తీసుకోవలెనన్న తలంపు కలిగినా, మరుసటి ఉదయం దాకా ఆగక వెంటనే ఆస్పత్రికి తీసుకొనిపోవలెను. మనసు బాధలో ఉన్నవారితో మాట్లాడడానికి భారత ప్రభుత్వం 2022లో టెలీ మానస్ అనే ఉచిత సేవను నెలకొల్పినది. దాని నంబరు 14416.

పాత చీటీ చూపించి ఏళ్ల తరబడి బిళ్లలు కొనే అలవాటును గూర్చి కూడా చెప్పవలసియున్నది. 2013లో కేంద్ర ప్రభుత్వం మందుల నియమావళికి హెచ్‌-1 అనే కొత్త పట్టికను చేర్చినది. ఆల్ప్రజోలాం, డయాజిపాం వంటివి అందులో ఉన్నవి. వాటిని అమ్మినప్పుడు వైద్యుని పేరు, రోగి పేరు, మందు పరిమాణం అంగడివారు వేరే రిజిస్టరులో వ్రాసి మూడేళ్లు భద్రపరచవలెను. ఇది మనలను వేధించడానికి పెట్టినది కాదు. బిళ్ల అందుతున్నంతకాలం, రెండు వారాలు మూడేళ్లు ఎప్పుడయినవో ఎవరూ లెక్కపెట్టరు. ఎవరో ఒకరు లెక్కపెట్టవలెనని పెట్టినది.

ఒక ప్రసంగం విన్నంత మాత్రాన ఎవరైనా మానగలరా అని సందేహం కలుగవచ్చును. కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో, దీర్ఘకాలంగా ఈ మందు వాడుతున్న 303మంది వృద్ధులతో జరిపిన పరిశీలన ఒకటి 2014లో ప్రకటితమైనది. వారిలో కొందరికి, ఈ మందు వలన కలిగే కీడును, మెల్లగా మానే క్రమాన్ని వివరించే చిన్న పుస్తకం పంపారు. మిగిలినవారికి అప్పటికి పంపలేదు. ఆరు నెలల తరువాత చూడగా, పుస్తకం అందినవారిలో నూటికి 27మంది పూర్తిగా మానినారు. అందనివారిలో నూటికి 5మందే. అర్థమయ్యేటట్లు చెప్పిన మాటకు అంత బలమున్నది. విన్నది తీసుకొని వైద్యుని దగ్గరకు వెళ్లి, "నేను దీనిని మెల్లగా మానదలచినాను, క్రమం చెప్పండి" అని అడిగితే, ఈ ప్రసంగం ఉద్దేశం నెరవేరినట్లే. నేటి రాత్రి వేసుకోవలసిన బిళ్లను మాత్రం యథాప్రకారం వేసుకోవలెను.

2019 మార్చిలో మా అక్కగారు చివరి పావు బిళ్లను వేసుకొన్నది. ఆ తరువాత కొన్ని వారాలు నిద్ర అంతంతమాత్రమే. వేసవి గడిచేసరికి తనంత తానే కుదురుకొన్నది. బావగారిని తలచుకొని ఇప్పటికీ కన్నీరు పెట్టుకుంటుంది. అది జబ్బు కాదని ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు. 2022లో మరల కాశీకి వెళ్లి వచ్చినది. ఈసారి ఏమి విడిచి వచ్చావని అడిగినాము. "పనసపండురా, అది ఒక్కరోజులో విడువవచ్చును" అన్నది.